నవ్వినవాళ్ళను వదిలేసి నొచ్చుకున్నవాళ్ళకు నీతులా?

ఆషాఢం వస్తే హైదరాబాద్‌లో బోనాలతో పాటు ఫోన్లలో ఇంకో జాతర మొదలవుతుంది. గోల్కొండలో తొలి బోనం ఎత్తిన నాటి నుంచి లాల్‌దర్వాజ ఘటం ఊరేగింపు దాకా, పూనకం వచ్చి శిగమూగే ఆడవాళ్ళను ఎవరో ఒకరు వీడియో తీస్తూనే ఉంటారు. జుట్టు విరబోసుకుని, వేపరెమ్మలు పట్టుకుని ఊగుతున్న ఆమె పక్కన బ్రహ్మానందం ముఖం అతికిస్తారు, వెనక సినిమా పాట తగిలిస్తారు. 'ఆస్కార్ ఇవ్వాల్సిందే' అని ఒకడు, 'పిచ్చాసుపత్రిలో వేయండి' అని ఇంకొకడు. తిరిగి తిరిగి ఆ రీలు ఆమె బస్తీకే, ఆమె కొడుకు చదివే కాలేజీకే వచ్చి చేరుతుంది.

ఆమె నొచ్చుకుంటే మన దగ్గర రెండు సలహాలు సిద్ధంగా ఉంటాయి. 'నిజమైన భక్తి ఉంటే ఎవడో నవ్వితే ఏమవుతుంది, పట్టించుకోకు' అంటారు ఆస్తికులు. 'నవ్వితేనే మూఢనమ్మకం వదులుతుంది, కాస్త నొప్పి తప్పదు' అంటారు అభ్యుదయవాదులు. వినడానికి ఎదురెదురుగా ఉన్నా రెండూ చెప్పేది ఒకటే: లోపం నొచ్చుకున్న మనిషిలోనే ఉంది. ఈ మాట నేను ఒప్పుకోను.

ముందు భక్తి సంగతి. శిగం మనసులో దాచుకునే అభిప్రాయం కాదు. అది వీధిలో, నలుగురి నడుమ, డప్పు దరువు మీద వచ్చేది. ఏడాదంతా నాలుగిళ్ళలో గిన్నెలు తోమి బతికే మనిషి ముందు ఆ ఒక్క పూట బస్తీ మొత్తం చేతులు జోడిస్తుంది. మామూలు రోజుల్లో ఆమెను పేరు పెట్టి కూడా పిలవనివాళ్ళు ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆమె నోట వచ్చే మాట కోసం ఎదురుచూస్తారు. రీలు వల్ల అమ్మవారికి పోయేదేమీ లేదు. పోయేది ఈ మనిషికి ఏడాదికొకసారి దక్కే ఆ మర్యాద. అది పోయినందుకు ఏడిస్తే భక్తి చాలలేదని ఎలా అంటాం? మరుసటి ఏడు కొడుకే 'గుడికాడికి పోకే అమ్మా' అంటాడు. బయటివాళ్ళ నవ్వు కంటే కన్నకొడుకు సిగ్గుపడటం ఎక్కువ కోస్తుంది. ఫోన్ కట్టేస్తే ఇది తీరదు. వీడియో ఉన్నది ఆమె ఫోన్‌లో కాదు, అందరి ఫోన్లలోనూ.

ఈ నవ్వు నమ్మకం మీద కాదనడానికి రుజువు సికింద్రాబాద్‌లోనే ఉంది. ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు మాతంగి అని పిలిచే స్త్రీ పూనకంలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. దాన్ని టీవీలు ప్రత్యక్షంగా చూపిస్తాయి, అధికారులు చేతులు కట్టుకుని వింటారు. 2014 నుంచి బోనాలు రాష్ట్ర పండుగ కూడా. పెద్ద గుడిలో వార్త అయినది చిన్న బస్తీలో కామెడీ ఎందుకైంది? నమ్మకం ఒకటే. మారింది ఆ మనిషి అంతస్తు, ఆమె వెనక నిలబడే బలగం.

ఇక 'పిచ్చి' అనేవాళ్ళకు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పు పూనకాన్ని ఎప్పుడు పడితే అప్పుడు రోగమనలేదు. మనిషి ఇష్టంతో పని లేకుండా, మతాచారమో సంప్రదాయమో ఒప్పుకున్న సందర్భానికి బయట వచ్చినప్పుడే రోగంగా లెక్కించింది. సైన్సు పేరు చెప్పి నవ్వేవాడు ఆ సైన్సు ఏమన్నదో చదవలేదన్నమాట.

'మరి వేమన నవ్వలేదా? కందుకూరి వీరేశలింగం ప్రహసనాలు రాయలేదా?' అని అడుగుతారు. నవ్వారు, రాశారు. 'కన్యాశుల్కం' చూసి మనం ఇప్పటికీ నవ్వుతున్నాం. కానీ ఆ నవ్వు తగిలింది ఎవరికి? పసిపిల్లలను అమ్ముకున్నవాళ్ళకు, దేవుడి పేరు చెప్పి కడుపు నింపుకున్నవాళ్ళకు. వీరేశలింగం తన సొంత సమాజాన్ని వెక్కిరించి, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి చూపి, ఆ సమాజం చేత వెలి వేయించుకున్నారు. రీలు చేసినవాడు ఎవరి చేతా వెలి పడడు. అతనికి దక్కేవి లైకులు.

అసలు హేతువాదులు ఎలా పనిచేశారో చూద్దాం. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. ఆ కేంద్రం వాళ్ళు నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమ లేదని జనానికి చూపించారు. సహపంక్తి భోజనాలు పెట్టారు. దేవుడు లేడని గోరా గాంధీతో ముఖాముఖి వాదించారు. 1948లో సేవాగ్రామంలో తన కూతురికి దళిత యువకుడితో పెళ్ళి చేశారు. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ దేవుణ్ణి నమ్మేవాళ్ళతో తనకు పేచీ లేదని, పేచీ అంతా దోపిడీతోనేనని చెబుతూ ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగారు. 2013 ఆగస్టు 20న పుణెలో ఆయన్ని కాల్చి చంపారు. ప్రాణం పెట్టిన ఆ పనికి, సోఫాలో కూర్చుని అతికించిన బ్రహ్మానందం బొమ్మకు ఒకే పేరు పెట్టడం ఆయనకే అవమానం. శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ(హెచ్) అధికరణాన్ని సైన్సు పేరు చెప్పి నవ్వేవాళ్ళు తరచూ ఉదహరిస్తారు. అదే వాక్యంలో దాని పక్కనే మానవతావాదం కూడా ఉంది.

ఆస్తికులు మురిసిపోనక్కర్లేదు. ఆదివారం చర్చికి వెళ్ళే దళితుణ్ణి 'గొర్రె' అని వెక్కిరించేది నాస్తికులు కాదు. 2022 మార్చిలో మేడారం సమ్మక్క సారలమ్మలను కించపరిచేలా ఉన్న పాత ప్రసంగమొకటి బయటికొచ్చి తెలంగాణ భగ్గుమంది. ఆ గొంతు ఒక పీఠాధిపతిది. తన మాటలను వక్రీకరించారని తర్వాత ఆయన వివరణ ఇచ్చారు. తన దేవుణ్ణి అంటే నెత్తురు మరిగి, పక్కవాడి దేవతను అంటే నవ్వొచ్చేవాడికి 'మనోభావాలు' అనే మాట ఎత్తే హక్కు లేదు.

కేసులు పెట్టమనడం కూడా దారి కాదు. పాత శిక్షాస్మృతి 295ఎ, ఇప్పటి న్యాయసంహితలో 299వ సెక్షన్, అడ్డుపడేది ఒక వర్గం మతభావాలను కావాలని, దురుద్దేశంతో రెచ్చగొట్టడానికి. గల్లీలో ఒక ఆడమనిషి పడ్డ అవమానం అందులో ఎక్కడా ఇమడదు. పైగా ఆ సెక్షన్ నిజంగా ప్రశ్నించేవాడి మీదికి పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ప్రశ్న బతకాలి. శిగం ఎందుకు వస్తుందని కూతురు అడిగితే తల్లి కూర్చోబెట్టి చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి.

మరి నొచ్చుకున్న మనిషి ఏం చేయాలి? వ్యాఖ్యల్లోకి దిగి ముక్కూ మొహం తెలియనివాళ్ళకు దేవుణ్ణి రుజువు చేసే పని పెట్టుకోకూడదు. ప్రతి జవాబూ ఆ రీలును ఇంకో పదిమందికి చేరవేస్తుంది. బాధ ఉందని ఇంట్లో చెప్పుకోవాలి. నిద్ర పట్టక, గడప దాటలేక పోతుంటే అది డాక్టరుతో మాట్లాడదగిన బాధే. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే వింటారు.

కానీ ఎక్కువ పని చేయాల్సింది మిగతావాళ్ళం. వీడియో తీయబోయేవాడు ముందు అడగాలి. గ్రూపులో ఆ రీలు పడితే అడ్మిన్ తీసేయాలి, చూసినవాళ్ళు రిపోర్ట్ కొట్టాలి. కాలేజీలో ఆ కుర్రాడి పక్కన కూర్చునే స్నేహితుడు 'తీసెయ్‌రా, ఆమె వాడి అమ్మ' అని ఒక్క మాట అనాలి. ఆమె దేవతను నమ్మినా నమ్మకపోయినా ఈ పని చేయొచ్చు. ఇది చేయలేనివాళ్ళు ఆమెకు ఓర్పు గురించి నీతులు చెప్పడం మానుకోవాలి.