పట్నానికి పూచీ... పల్లెకు మిత్తి!

ఇల్లు కట్టాలంటే అప్పు కావాలె. అప్పు పుట్టాలంటే పూచీ కావాలె. జీతం చీటీ ఉన్నవాడికి బ్యాంకే ఎదురొచ్చి కుర్చీ వేస్తుంది. మరి ఊళ్లో కూలీకి, కౌలు రైతుకు, బీడీలు చుట్టే అక్కకు పూచీ ఎవరు? నూటికి మూడు రూపాయల మిత్తికి ఇచ్చే షావుకారి ఒక్కడే!

2024 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలుపెట్టింది. సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు, నాలుగు విడతల్లో. వినడానికి బాగుంది. కానీ మొదటి బిల్లు ఎప్పుడొస్తుంది? బేస్‌మెంట్ లేచాక! బేస్‌మెంట్ లేపడానికి పైసలెక్కడివి? ఇక్కడే పేదింటి ఆడబిడ్డ పుస్తెలతాడు కుదువకు పోతుంది. మూడు రూపాయల మిత్తికి లక్ష తెస్తే నెలకు 3 వేలు. బిల్లు ఆరు నెలలు ఆగితే 18 వేలు. సర్కారు ఇచ్చిన సొమ్ములోంచి షావుకారి వాటా ముందే తెగిపోయినట్టు కాదా?

ఈ మొర విని 2025లో సర్కారు ఒక దారి చూపింది. మొదలుపెట్టే స్తోమత లేనివాళ్లకు మహిళా సంఘాల ద్వారా లక్ష దాకా అప్పు ఇప్పిస్తామన్నది. షావుకారి కన్నా సంఘం నయమే, కాదనం. కానీ అక్కడ పూచీ ఎవరిది? తోటి సభ్యులది! ఒక పేదరాలికి ఇంకో పేదరాలు జామీను. సర్కారు పేరు పథకానికి, సంతకం మాత్రం సంఘం అక్కది. ఇదెక్కడి న్యాయం?

పైసల్లేక ఇట్లా చేస్తున్నారనుకుంటే పొరపాటు. ఢిల్లీ లెక్క చూడండి. 2016 డిసెంబర్ 31న, నోట్ల రద్దు గడువు ముగిశాక, ప్రధాని జాతినుద్దేశించి మాట్లాడారు. ఒకే ప్రసంగంలో ఊరికి, పట్నానికి గృహరుణ వడ్డీ రాయితీలు ప్రకటించారు. పట్టణాల్లో 12 లక్షల అప్పు మీద 3 శాతం రాయితీ. పల్లెల్లోనూ అదే 3 శాతం, కానీ 2 లక్షల అప్పు మీదే! పట్నం రాయితీ ఏడాదికి 18 లక్షల ఆదాయం ఉన్నవాళ్ల దాకా అందింది. ఆ లెక్కన ఒక్కొక్కరికి 2 లక్షల 30 వేల దాకా ముట్టింది. శాతం ఒక్కటే, అప్పు పరిమితి ఆరింతలు. సమానత్వం అంటే ఇదేనా?

ఆ 2 లక్షలైనా ఊళ్లో ఎంతమంది గడప తొక్కగలవు? బ్యాంకు రిజిస్ట్రేషన్ కాగితం అడుగుతుంది, లింకు డాక్యుమెంట్లు అడుగుతుంది, ఈసీ అడుగుతుంది. గ్రామకంఠంలో తాతల నాటి ఇంటికి ఉన్న కాగితం ఇంటిపన్ను రసీదే. మూడు తరాలు కాపురమున్న జాగా బ్యాంకు కంటికి ఆస్తి కాదు. ఆ కాగితం ఇవ్వాల్సిన సర్కారే ఇవ్వకుండా, కాగితం లేదని బ్యాంకు వెనక్కి పంపుతుంటే చూస్తూ కూర్చున్నది.

పూచీ పడటం సాధ్యం కాదా? పెట్టుబడిదారీ దేశం అమెరికానే చూడండి. 1949 నాటి హౌసింగ్ చట్టంలోని 502 సెక్షన్ కింద అక్కడి వ్యవసాయ శాఖ పల్లె ప్రాంతాల్లో ఇండ్లకు రుణాలిస్తుంది. బ్యాంకులిచ్చే రుణాలకైతే 90 శాతం దాకా తానే పూచీ ఉంటుంది. డౌన్ పేమెంట్ అక్కర్లేదు. మరీ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు నేరుగా ఇచ్చే అప్పు మీద వడ్డీ భారాన్ని 1 శాతం దాకా తగ్గిస్తుంది. అదేమీ స్వర్గం కాదు. పూచీకి రుసుము వసూలు చేస్తారు, వాయిదాలు తప్పితే ఇల్లు పోతుంది. అయినా పల్లెలో ఇల్లు కొనేవాడి వెనక సర్కారు నిలబడాలనే సూత్రం అక్కడ చట్టమైంది. మన దగ్గర అది ఎన్నికల హామీగా మిగిలింది.

గ్యారంటీ ఇస్తే పేదలు ఎగ్గొడతారని పెద్దసార్లు దీర్ఘాలు తీస్తారు. కిస్తీ కట్టడంలో సంఘం అక్కలకున్న పేరు బ్యాంకులకు తెలియదా? లక్షల కోట్ల కార్పొరేట్ మొండి బకాయిలను రద్దు పద్దులో రాసిన చేతులకు, కూలీ ఇంటి దగ్గరికొచ్చేసరికి వణుకెందుకు?

ఉమ్మడి రాష్ట్రంలో 2006 నాటి ఇందిరమ్మ ఇండ్లు చూశాం. కొంత సబ్సిడీ, కొంత అప్పు. అక్రమాల మీద 2014లో సీఐడీ విచారణ వేయాల్సి వచ్చింది. 2015లో డబుల్ బెడ్‌రూం ఇండ్లు వచ్చాయి. పూర్తిగా ఉచితమే, కానీ గిట్టుబాటు కాదని చాలా ఊళ్లకు కాంట్రాక్టరే రాలేదు. పథకం పేరు మారింది, రంగు మారింది. పేదోడు దరఖాస్తు పట్టుకుని నిలబడ్డ తీరు మారలేదు.

అందుకే అడుగుదాం. బేస్‌మెంట్ పైసలు ముందే ఇవ్వాలె. గ్రామకంఠం ఇండ్లకు హక్కు పత్రాలివ్వాలె. పల్లె ఇంటి రుణానికి ప్రభుత్వమే పూచీ పడాలె. వడ్డీ రాయితీలో ఊరికీ పట్నానికీ ఒకే పరిమితి ఉండాలె.

ఉద్యోగ మిత్రులారా, మీ జీతం చీటీ మీకు పూచీ. మీ ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ఏది పూచీ? విద్యార్థి తమ్ముళ్లారా, మీ ఊళ్లో బేస్‌మెంట్ దగ్గరే ఆగిన ఇండ్లెన్నో, వాటి మీద ఎంత మిత్తి నడుస్తున్నదో లెక్క తీయండి. ఆ లెక్కతో మండలాఫీసు ముందు కూర్చుందాం. మనం అడిగేది భిక్ష కాదు, పట్నానికి పడ్డ పూచీలో పల్లె వాటా!