నిద్ర కోసం నేల మీద పడుకోవాలా?

ఒళ్లు నేలకు తాకితే భూమిలోని విద్యుత్ కణాలు శరీరంలోకి చేరి మంచి నిద్ర పడుతుందని కొందరు చెబుతున్నారు. దీనినే ఎర్తింగ్ అంటున్నారు. ఇందుకు తరచూ చూపించే 2004 నాటి అమెరికా అధ్యయనంలో పాల్గొన్నది 12 మందే. పోల్చి చూడటానికి మరో గుంపు లేదు. ఇంత చిన్న ఆధారాన్ని నమ్మి మన ఆత్మకూరు పల్లెల్లో నేల మీద పడుకోవడం మంచిది కాదు. కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది; నేల మీద నిద్రించేవారినే ఎక్కువగా కాటు వేస్తుంది. నొప్పి అంతగా తెలియదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోవచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. అప్పుడు మంత్రాలకు పోక వెంటనే 108కి ఫోన్ చేయండి.

మంచం మీద, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకోండి. సాయంత్రం తర్వాత టీ మానండి. రోజూ ఒకే వేళకు లేవండి. అప్పటికీ నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకోండి. నేలను తాకాలనిపిస్తే పగటి వెలుతురులో తాకండి.