నడిరేయి పిలుపు

1924వ సంవత్సరము జనవరి 12వ తేదీ రాత్రి, ఎరవాడ చెరసాలలో ఖైదీగా నుండిన మహాత్మునకు పూనా నగరమందలి సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ గారు అపెండిసైటిస్ వ్యాధికై శస్త్రచికిత్స చేసిరి. చికిత్స సాగుచుండగనే గాలివానచేత విద్యుద్దీపములు ఆరిపోయినవి. ఒక నర్సు టార్చి పట్టుకొని నిలిచెను. అదియు ఆరిపోయెను. కడకు హరికేన్ లాంతరు వెలుతురున కార్యము నెరవేరినది. మాడక్ గారి పేరు చరిత్రకెక్కినది. ఆ చీకటిలో దీపము పట్టిన చేతిని స్మరించువారు మాత్రము మిక్కిలి అరుదు. నూరేండ్లు గడచినను ఈ విషయమున మన స్వభావము పెద్దగా మారలేదు.

మన పట్టణములయందలి ఆపరేషను థియేటరు నర్సులు ‘కాల్ డ్యూటీ’ యని పిలుచు కొలువు ఎట్టిదో పాఠకులలో పెక్కుమంది ఎరుగరు. పగలంతయు పనిచేసి ఇల్లు చేరిన నర్సు, ఆ రాత్రి ఏ క్షణమున ఫోను మ్రోగినను అర్ధగంటలో థియేటరునందు నిలువవలెను. గర్భమందలి శిశువు గుండె మందగించినదనియో, జాతీయ రహదారిపై లారీ మోటారుసైకిలును ఢీకొన్నదనియో, ప్రేగు చిట్లినదనియో పిలుపు వచ్చును. రాకపోవచ్చును కూడ. రాకున్నను ఆ రాత్రి ఆమెది కాదు. ఊరు విడువరాదు, చుట్టాల పెండ్లికి పోరాదు, స్నానమునకు పోవునపుడును ఫోను చెవికి వినవచ్చు దూరమున నుండవలెను. నిద్ర వచ్చినను అది సగము మెలకువయే.

థియేటరు చేరిన పిమ్మట పని చిన్నది కాదు. సర్జను గంటలో ముగించిన చికిత్సకు నర్సు మూడు గంటలు నిలువవలసి యుండును. పనిముట్లు శుద్ధియైనవో లేదో చూచుట, ట్రాలీ పరచుట, గాజుగుడ్డలను, సూదులను, ఫోర్సెప్సులను లెక్కించుట, కుట్లు వేయుటకు ముందు మరల లెక్కించుట, రోగిని వార్డునకు అప్పగించుట, నెత్తురు కడిగి పనిముట్లను మరల ఆటోక్లేవునకు సిద్ధపరచుట, ఇవన్నియు ఆమెవే. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన శస్త్రచికిత్సా భద్రతా పట్టికయందు, రోగి థియేటరు విడుచుటకు పూర్వము ఈ లెక్క సరిపోయినదని నర్సు నోట పలుకవలెనని యున్నది. ఒక్క గుడ్డముక్క లెక్క తప్పినచో అది రోగి కడుపులో మిగిలిపోవచ్చును.

ఇట్టి లెక్కను నిద్రలేని కన్నులతో చేయించుట తగునా? 1997లో డాసన్, రీడ్ అను ఆస్ట్రేలియా పరిశోధకులు, 17 గంటలు మేలుకొనియున్న మనుష్యుని పనితనము, నెత్తుటియందు నూటికి 0.05 వంతు మద్యమున్నవాని స్థాయికి దిగజారునని వెల్లడించిరి. మన 1988 నాటి మోటారు వాహనముల చట్టము 100 మిల్లీలీటర్ల నెత్తుటిలో 30 మిల్లీగ్రాములు మించి మద్యమున్న డ్రైవరును శిక్షించును. అనగా 0.03 వంతు చాలును. ఉదయము ఆరు గంటలకు లేచిన నర్సు రాత్రి పదునొకండు గంటలకే ఆ 17 గంటలను పూర్తిచేయును. స్టీరింగు పట్టుటకు తగనివానిని పోలీసులు రోడ్డుపై నిలిపివేయుదురు. అంతకన్న అలసిన యామెను మనమే పిలిచి కత్తులు అందింపుమనుచున్నాము. అమెరికాయందు 2004లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, పండ్రెండున్నర గంటలు మించి పనిచేసిన నర్సులయెడ పొరపాటు కలుగు అవకాశము మూడు రెట్లు అధికమని తేలినది.

మేము ఎరిగిన యొక సోదరి జిల్లా పట్టణమున ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేయుచున్నది. ఒకనాడు పగటి డ్యూటీ ముగించి ఇల్లు చేరినది. రాత్రి ఒంటిగంటకు సిజేరియనుకు పిలుపు. అది ముగియకమునుపే రెండవ రోగి వచ్చెను. ఆ రెండవ చికిత్సలో, కుట్లు వేయబోవు సమయమున గాజుగుడ్డ ఒకటి తక్కువైనదని ఆమె చెప్పగా సర్జను విసుగుకొనెను. వెదకగా గుడ్డ దొరకినది. ‘మొదటిసారి లెక్కించినపుడు సరిపోయినదనుకొంటినండీ, వకీలుగారూ. మరియొకమారు లెక్కించితిని గనుక తెలిసినది’ అని ఆమె మాతో చెప్పెను. ఉదయము ఆరు గంటలకు పని ముగిసినది. ఎనిమిది గంటలకు పగటి డ్యూటీ యథాప్రకారము మొదలైనది. సెలవడిగినందులకు ఆమెకు లభించిన జవాబు, సేవాభావము లేదనుట.

సేవయను మాటను ఇట్లు వాడుట మాకు బాధాకరము. స్వచ్ఛంద సేవకులుగా ఊరూర తిరిగిన మాకు సేవ యనిన నేమో కొంత తెలియును. తనంతట తానిచ్చునది సేవ. అధికారముచే పిండుకొనునది వెట్టి. వెట్టిని మన రాజ్యాంగము 23వ అధికరణముచే నిషేధించినది. కాల్ డ్యూటీ చట్టదృష్టిని వెట్టియే యని మేము వాదింపము. కాని కూలి లేని కావలి దానికి దూరపు చుట్టము కాదు.

ఇతర దేశములు ఈ చిక్కును ఏనాడో గుర్తించినవి. ఆసుపత్రియందు పిలుపుకై వేచియుండు కాలమంతయు, నిద్రించిన గంటలతో సహా, పనికాలమే యని యూరోపియను న్యాయస్థానము 2000లో స్పెయిను వైద్యుల వ్యాజ్యమునను, 2003లో జర్మనీ వైద్యుని వ్యాజ్యమునను తీర్పు చెప్పెను. 2018లో బెల్జియమునందలి అగ్నిమాపకుని వ్యాజ్యమున, ఇంటనున్నను 8 నిమిషములలో రావలెనని నిర్బంధించినచో అదియు పనికాలమే యనెను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే నర్సుల విషయమై ఒడంబడికను, దానికి తోడు సిఫారసును ఆమోదించినది. ఒక షిఫ్టునకును మరియొక షిఫ్టునకును నడుమ 12 గంటల ఎడతెగని విశ్రాంతి యుండవలెనని ఆ సిఫారసు చెప్పుచున్నది. ఆ ఒడంబడికను ధ్రువపరచిన దేశములలో భారతదేశము చేరలేదు. 2016లో సుప్రీముకోర్టు ఆజ్ఞపై ఏర్పడిన సంఘము, 50 పడకలకు లోపైన ఆసుపత్రులలో సైతము నర్సు జీతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సూచించినది. ఆ సూచన కాగితము దాటి ప్రతి ఆసుపత్రి గడపను చేరలేదని వేరుగ చెప్పనక్కరలేదు.

చిన్న నర్సింగుహోములకు ఇంత వ్యయము తగదని కొందరు వైద్యులు చెప్పుదురు. వారి కష్టమును మేము తేలికచేయము. వారును నిద్ర మానుకొని వచ్చువారే. ఐనను ఇరుగుపొరుగు ఆసుపత్రులు నాలుగు కలిసి నర్సులను వంతులవారీగా ఏర్పరచుకొనుటకు అడ్డేమి? రాత్రి చికిత్సకు అదనపు రుసుము వసూలుచేయువారు అందులో నర్సుకు భాగమీయరాదా?

మేము కోరునవి గొంతెమ్మకోరికలు కావు. పిలుపుకై వేచియున్న ప్రతి రాత్రికిని ఇంత భత్యమని, పిలిచిన గంటలకు వేరుగ కూలి యని ముందే వ్రాతపూర్వకముగా నిర్ణయింపవలెను. అర్ధరాత్రి దాటి పనిచేసిన నర్సు మరునాటి పగటి డ్యూటీనుండి తానడుగకయే విముక్తురాలు కావలెను. మొదటి నర్సు అలసినచో వచ్చుటకు రెండవ పేరు పట్టికలో నుండవలెను. రాకపోకలకు ఆసుపత్రి బండి రావలెను. 2024 ఆగస్టులో కలకత్తాయందు రాత్రివిధిలో నున్న వైద్యురాలి హత్య జరిగిన పిమ్మట ఈ విషయమున ఉపేక్ష క్షమింపరానిది. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును ఆసుపత్రుల రిజిస్ట్రేషను నిబంధనలలో ఈ షరతులను చేర్చవలెను.

చట్టము వచ్చువరకు సోదరీమణులు తమ దేహమును తామే కాపాడుకొనక తప్పదు. కాల్ ఉన్ననాడు వీలైనచో సాయంకాలము ఒక కునుకు తీయుట మేలు. గాఢనిద్రనుండి లేచిన వెంటనే బుద్ధి తేటపడదు గనుక తొలి లెక్కను మరియొకరిచే సరిచూపించుకొనుట సిగ్గుపడదగిన పని కాదు. రాత్రంతయు నిలిచినవారు స్కూటరు నడుపుకొని ఇంటికి పోరాదు. పనిచేసిన గంటలను తేదీలతో ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచవలెను. న్యాయస్థానమున నోటిమాటకన్న ఆ పుస్తకమే గట్టిగా నిలుచును. ఇంటివారికి మా మనవి యొక్కటియే. రాత్రి పనిచేసి వచ్చిన కోడలికి, భార్యకు ఉదయపు వంటపని తప్పించి, తలుపు మూసి నిద్రపోనీయుడు.

మనలో ఎవరి యింట ఏ రాత్రి ఈ యక్కర కలుగునో తెలియదు. ఆ రాత్రి మనవారి కడుపును మూయుటకు ముందు గుడ్డలను లెక్కించునది ఒక నర్సు. ఆమె ముందటి రాత్రి నిద్రించినదా లేదా యను ప్రశ్నను ఆసుపత్రుల యజమానులును, శాసనసభ్యులును నేడే వేసికొందురుగాక.