పగ్గం పట్టే చేతికీ శిక్షణ కావాలి

ఎర్రజెండాతో, డిటోనేటర్లతో పనిచోటును రక్షించుకొనే పద్ధతి నేర్పకుండా రైల్వేలో ఎవరికీ పట్టాల పని బాధ్యత అప్పగించరాదు. స్టేషన్ మాస్టరైనా, డ్రైవరైనా నిర్ణీత కాలానికొకసారి రిఫ్రెషర్ కోర్సుకు వెళ్ళి రావలసిందే. ఈ ఏర్పాటు యాజమాన్యం దయాధర్మం కాదు. ఆ నిబంధనల వెనుక ప్రమాదాలున్నవి, కార్మిక కుటుంబాల కన్నీరున్నది. మరి పశువైద్యశాలలో పగ్గం పట్టుకొని నిలబడే అటెండరుకు అటువంటి శిక్షణ ఏది? పాతవాడు చేసేది చూచి కొత్తవాడు నేర్చుకోవడమే అనేకచోట్ల నేటికీ శిక్షణగా చెల్లుబాటవుతున్నది.

ఈ సమస్య మనకు పరాయిది కాదు. కుక్కకాటు అంటే ఏమిటో పోస్టుమాన్‌కు తెలుసు. రైలు క్రింద పడిన పశువు కళేబరాన్ని తొలగించేది ట్రాక్‌మెన్ చేతులే.

తన్ను, కుమ్ము, కాటు కంటికి కనిపించే ప్రమాదాలు. కనిపించనివి మరింత భయంకరమైనవి. ఈసుకుపోయిన గేదె మాయను వట్టి చేతులతో తీసినవానికి బ్రూసెల్లోసిస్ సోకవచ్చును. వచ్చిపోయే జ్వరం, కీళ్ళనొప్పులు నెలల తరబడి పీడించవచ్చును. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో 4 నుండి 8 నెలల పెయ్యలకు ఈ వ్యాధి టీకాను చేర్చారు. అది సజీవ క్రిములున్న టీకా. సూది పొరపాటున వ్రేలికి గుచ్చుకుంటే టీకా వేసినవానికే వ్యాధి సోకే అవకాశమున్నది. చొంగ కార్చే పశువుకు గొంతులో ఏదో అడ్డుపడినదని భావించి నోటిలో చేయి పెడతారు. అది రేబిస్ కావచ్చును. లక్షణాలు కనిపించిన తరువాత ఆ వ్యాధి నుండి బయటపడినవారు బహు అరుదు.

డాక్టరుగారు ఐదేండ్లకు పైగా చదివి ఇవన్నీ తెలుసుకొన్నారు. ఆ జ్ఞానం అటెండరు వరకు, దినకూలీ స్వీపరు వరకు చేరకపోవడమే అసలు లోపం.

కాబట్టి పశువైద్యశాలల్లో ఏర్పడవలసిన శిక్షణకు ఈ క్రింది అంశాలు పునాది కావాలని మేము భావిస్తున్నాము.

1. మొదటి పశువును పట్టుకొనక ముందే శిక్షణ ప్రారంభం కావాలి. ఏటేటా పునశ్చరణ జరగాలి. అది పనివేళల్లో, పూర్తి వేతనంతో, కార్మికుని భాషలో, చేతితో చేసి చూపే పద్ధతిలో ఉండాలి.

2. కాంట్రాక్టు, దినకూలీ సిబ్బందితో సహా అందరికీ రేబిస్ ముందస్తు టీకాలు యాజమాన్యం ఖర్చుతో వేయించాలి. కాటు తగిలితే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే వైద్యానికి వెళ్ళాలని ప్రతి ఒక్కరికీ నేర్పాలి.

3. గర్భిణీ కార్మికులకు ఎక్స్‌రే పని నుండి, హార్మోన్ ఇంజెక్షన్ల పని నుండి వేతన నష్టం లేకుండా మినహాయింపు ఇవ్వాలి.

4. జరిగిన ప్రమాదాలతో పాటు తృటిలో తప్పినవి కూడా రిజిస్టరులో వ్రాయాలి. పాఠాలు ఆ రిజిస్టరు నుండే పుట్టాలి. వాటిని రూపొందించే కమిటీలో కార్మిక ప్రతినిధులు ఉండాలి.

అయితే ఒక హెచ్చరిక. "శిక్షణ ఇచ్చాము, సంతకం తీసుకొన్నాము, ఇక తప్పు నీదే" అనే వాదన మనకు కొత్తది కాదు. చేతితొడుగులు లేనిచోట, పశువును నిలబెట్టే ట్రావిస్ విరిగిపడి ఉన్నచోట, ఎక్స్‌రే గదిలో సీసపు ఏప్రాన్ లేనిచోట ఎంత గొప్ప పాఠమైనా కార్మికుణ్ణి కాపాడదు. అది యాజమాన్యాన్ని మాత్రమే కాపాడుతుంది. పరికరాలు ముందు, పాఠం వెంట. ఈ క్రమం తారుమారు కానీయరాదు.

రైల్వే, తపాలా శాఖల్లో మనం దశాబ్దాల తరబడి గడించిన అనుభవం మన ఒక్కరి సొత్తు కాదు. మన బ్రాంచీల కార్యదర్శులు తమ ఊరి పశువైద్యశాల సిబ్బందిని ఒక్కసారి కలుసుకోవాలని, వారి గోడు విని మన శిక్షణానుభవాన్ని వారితో పంచుకోవాలని విజ్ఞప్తి చేస్తున్నాము.