జీతం కన్నా పని నేర్వడం ముఖ్యం

కొత్తకోట: ఎ.ఎన్.ఎం. శిక్షణ ముగించిన పల్లె ఆడపిల్లలు తొలి ఉద్యోగాన్ని జీతం చూసి ఎంచుకోవడం మంచిది కాదు. చిన్న నర్సింగ్ హోంలో నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు, నేర్పేవారు ఉండకపోవచ్చు. ఆరోగ్య ఉపకేంద్రంలో చేరితే మైదాన ప్రాంతపు లెక్కన 5,000 మంది జనాభాను చూసుకోవాలి. గర్భిణికి రక్తపోటు పెరిగితే కనిపెట్టి, సకాలంలో పెద్దాస్పత్రికి పంపవలసిన బాధ్యత ఆమెదే. చూపు తప్పితే తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు.

కనుక మొదటి ఏడాది కాన్పుల రద్దీ ఉన్న ఆస్పత్రిలో, సీనియర్ సిస్టర్ల చేతికింద పనిచేయడం మేలు. జిల్లా కేంద్రం వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది కాబట్టి, అలాంటి చోటు కోసం హైదరాబాదుకే పోనక్కరలేదు. తల్లిదండ్రులు జీతమెంతని అడిగేముందు, రాత్రి డ్యూటీలో తోడెవరుంటారని అడగాలి.