విడవలూరు తీరమున మంచినీరు

ధనము పుష్కలముగా నున్నప్పుడు పంచుట సులభము. చాలనప్పుడు ఏ యూరికి ముందో, ఏ యూరికి వెనుకో నిర్ణయించుటయే పరిపాలకులకు పరీక్ష. నెల్లూరుజిల్లా విడవలూరు మండలమున త్రాగునీటి విషయమై యీ పరీక్ష తప్పదు.

మండలమునకు తూర్పున సముద్రము, దక్షిణమున పెన్న. లోతట్టున కాలువలు పాఱు పల్లెల స్థితి వేఱు, పట్టపుపాళెముల స్థితి వేఱు. తీరపు టిసుక క్రింద వాననీరు ఉప్పునీటిపై పలుచని పొరగా తేలియుండును. మోటార్లతో అధికముగా తోడినకొలది అడుగునున్న యుప్పు పైకెక్కును. అట్టి చోట బోరు లోతు చేయుట ధనమును సముద్రమున పాఱవేయుటయే. రొయ్యల చెరువులవలన తీరగ్రామముల త్రాగునీరు చెడుచున్నదని సుప్రీముకోర్టు 1996 డిసెంబరు 11 నాటి తీర్పులో గుర్తించి, నష్టము కలిగించినవారే పరిహార మీయవలెనని శాసించెను.

2019లో కేంద్రప్రభుత్వము జలజీవన మిషనును ప్రారంభించి, ప్రతి గ్రామీణ గృహమునకు కుళాయి, మనిషికి దినమునకు 55 లీటర్లు లక్ష్యముగా పెట్టెను. లక్ష్యము మంచిదే. కాని కుళాయిల సంఖ్యయే కొలతయైనచో, సులభముగా గొట్టము వేయదగిన పెద్దయూళ్లే ముందుపడును. ఉప్పునీటి పాళెములు కడపట మిగులును.

కావున మా మతమున క్రమ మిట్లుండవలెను. మొదట, ఉప్పునీటి పాళెములకు లోతట్టు మంచినీటి నెలవునుండి గొట్టపు మార్గము. వ్యయ మెక్కువ గనుక నాలుగైదు పాళెములకు కలిపి యొకటే పథకము. పిదప, ఉన్న పంపులకును గొట్టములకును మరమ్మతు, వానిని నడపువానికి నెలనెలా జీతము. ఆ తరువాతనే పెద్దయూళ్లలో క్రొత్త ట్యాంకులు. లీటరు నీటిలో కరగిన లవణములు 500 మిల్లీగ్రాములు మించరాదనియు, వేఱు నీరు దొరకని చోట 2000 వఱకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. ప్రతి పాళెపు నీటిని పరీక్షించి, ఆ యంకెలను గ్రామసభలో చదివి, వాని ననుసరించియే వరుస నిర్ణయింపవలెను.

అంతే ధనముతో పెద్దయూర నెక్కువమందికి మేలు కలుగునుగదా యని కొందఱందురు. నిజమే. కాని అచ్చటివారికి వేచియుండు దినములలో త్రాగుటకు చేతిపంపు నీరైనను కలదు. పాళెపు కూలివాడు దినవేతనములో కొంత డబ్బానీటికి వెచ్చింపవలెను. వేచియుండుట యిరువురికి నొకటి గాదు.

పెన్న కావలిగట్టున పల్లిపాడులో 1921 ఏప్రిలు 7న గాంధీమహాత్ముడు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. కడపటివానికి మేలగునా యని చూచి పని చేయుమని యాయన బోధ. విడవలూరు మండలమున ఆ కడపటివాడు ఉప్పునీటి పాళెములోనే యున్నాడు. పంపకము అచ్చటనుండియే మొదలు కావలెను.