ఒక్క పరుగు - ఒక నిబంధన

"ఆడలేక మద్దెల ఓడన్నట్లు" అని మన పెద్దలు చెప్పుదురు. ఆటలో ఓడినవాడు అంపైరును, వానను, నిబంధనలను నిందించునప్పుడు లోకము ఈ సామెత చెప్పి వాని నోరు మూయించును. తఱచుగా లోకము చేయునది న్యాయమే. కాని యొక్కొకప్పుడు మద్దెల నిజముగనే పగిలియుండవచ్చును. అట్టి సందర్భమున ఓడినవాడు ఊరకుండవలెనా, మొఱ పెట్టుకొనవలెనా? మన విద్యార్థులలో క్రికెట్టాట యెడల మక్కువగలవారు అనేకులుండుటచే, జరిగిన యొక పోటీని దృష్టాంతముగా గొని యీ ప్రశ్నను విచారింతము.

1992వ సంవత్సరము మార్చి 1వ తేదీన, ఆస్ట్రేలియా దేశమందలి బ్రిస్బేను నగరమున, ప్రపంచకప్పు పోటీలలో భారత జట్టునకును ఆస్ట్రేలియా జట్టునకును ఆట జరిగెను. మన జట్టు నాయకుడు హైదరాబాదు వాస్తవ్యుడగు మహమ్మదు అజారుద్దీను. గోదావరి సీమలోని ఆలమూరున జన్మించి హైదరాబాదు పక్షమున ఆడిన వేంకటపతిరాజు కూడ ఆ జట్టులో నుండెను. కావున ఆ యాట మన తెలుగువారికి పరాయి ముచ్చట కాదు.

ఆస్ట్రేలియావారు ముందుగా ఆడి 50 ఓవర్లలో 237 పరుగులు చేసిరి. మనవారు ఆడుచుండగా వాన కురిసి మూడు ఓవర్లు తగ్గిపోయెను. మూడు ఓవర్లు తగ్గినప్పుడు లక్ష్యమెంత తగ్గవలెను? ఆ పోటీల నిబంధన యిట్లుండెను: రెండవ జట్టు ఎన్ని ఓవర్లు కోల్పోవునో, మొదటి జట్టునకు మిక్కిలి తక్కువ పరుగులు వచ్చిన అన్ని ఓవర్లను లెక్కనుండి తీసివేయవలెను. ఆస్ట్రేలియావారి అట్టి మూడు ఓవర్లలో వచ్చినవి మొత్తము 2 పరుగులే. కావున 50 ఓవర్లలో 238 చేయవలసిన మనవారు 47 ఓవర్లలో 236 చేయవలసివచ్చెను. పోయిన బంతులు 18. తగ్గిన పరుగులు 2! ఆ ఓవర్లలో పరుగులు రాకపోవుటకు కారణము మనవారు చక్కగా బంతి వేయుటయే. పరీక్షలో బాలుడు మిక్కిలి బాగుగ వ్రాసిన మూడు జవాబులను కొట్టివేసి, తక్కిన వానికే మార్కులు వేసినట్లయ్యెను.

అయినను మనవారు అధైర్యపడలేదు. అజారుద్దీను 93 పరుగులును, సంజయ్ మంజ్రేకరు 47 పరుగులును చేసిరి. కడపటి ఓవరున 13 పరుగులు కావలసియుండెను. కిరణ్ మోరే మొదటి రెండు బంతులను హద్దు దాటించి మూడవ బంతికి వికెట్టు కోల్పోయెను. చివరి బంతికి నాలుగు కావలెను. శ్రీనాథు బంతిని ఆకాశమున కెగురగొట్టెను. దానిని స్టీవ్ వా పట్టజాలక జాఱవిడిచెను. మనవారు రెండు పరుగులు తీసి మూడవదానికై పరుగెత్తుచుండగా, వా విసరిన బంతి ముందుగా చేరుటచే వేంకటపతిరాజు అవుటయ్యెను. ఆ మూడవ పరుగు పూర్తియైనచో ఆట సమమయ్యెడిది. మనవారు 234 చేసి ఒక్క పరుగు తేడాతో ఓడిరి.

ఈ వృత్తాంతము తలచుకొన్నప్పుడెల్ల నావంటి అభిమానికి "మనము ఓడలేదు, నిబంధన మనలను ఓడించినది" అని పలుకవలెనని తోచును. కాని యిందు రెండు మాటలున్నవి; వానిని వేఱుపఱుపవలెను. "నిబంధన చెడ్డది" యనుట యొక మాట. అది సత్యము. "మనము ఓడలేదు" అనుట వేఱొక మాట. అది సత్యము కాదు. ఆ నిబంధన పోటీలకు ముందే యేర్పడినది. దానికి లోబడియే యెల్ల జట్లును ఆడినవి. ఆస్ట్రేలియావారు మోసము చేయలేదు. అంపైరులు తమకు ఒప్పగింపబడిన లెక్కనే అమలు జరిపిరి. అజారుద్దీను, మంజ్రేకరు, రాజు - ఈ మువ్వురును పరుగు తీయబోవుచు అవుటయినవారే. ఆ తప్పు వానది కాదు.

మఱియొక సంగతి కలదు. అంతకు పూర్వము సగటు పరుగుల లెక్క వాడుకలో నుండెను. 237 పరుగులను 50 ఓవర్లకు పంచినచో ఓవరునకు 4.74 వచ్చును; 47 ఓవర్లకు 222.78. అనగా 223 పరుగులతో మనము గెలిచియుందుము. అప్పుడు మనము ఆ లెక్కను మెచ్చుకొనియుందుము గదా! కాని అదియును న్యాయమైనది కాదు. తక్కువ ఓవర్లాడు జట్టునకును పది వికెట్లే యుండుటచే, అది రెండవ జట్టునకు అధిక లాభము కూర్చెడిది. ఆ దోషమును దిద్దబోయియే క్రొత్త నిబంధనను చేసి, దోషమును రెండవ ప్రక్కకు నెట్టిరి. మనకు నష్టము కలిగినప్పుడు మాత్రమే కనబడు అన్యాయము అన్యాయముగా లెక్కకు రాదు. మనము ఏ పక్షమున నుందుమో తెలియకమునుపు ఏ నిబంధనకు సమ్మతింతుమో, అదియే న్యాయమైన నిబంధన.

ఆ నెల 22వ తేదీన సిడ్నీ నగరమున ఇదే నిబంధన దక్షిణాఫ్రికావారిని మఱింత క్రూరముగా బాధించెను. ఇంగ్లండుతో జరిగిన సెమీఫైనలులో వారికి 13 బంతులలో 22 పరుగులు కావలసియుండగా వాన వచ్చెను. మరల ఆట మొదలగునప్పటికి మిగిలినది ఒక్క బంతి. కావలసినవి 21 పరుగులు! చూచినవారెల్లరు నిర్ఘాంతపోయిరి.

అయితే ఆ లోపము ఎట్లు తొలగెను? రాళ్లు రువ్వుటచే కాదు. ఇంగ్లండు దేశపు గణకులగు ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్ అనువారు ఓవర్లతోపాటు మిగిలిన వికెట్లను కూడ లెక్కించు క్రొత్త పద్ధతిని కనిపెట్టిరి. అది 1997 జనవరి 1వ తేదీన, జింబాబ్వే దేశపు హరారేలో జరిగిన యాటలో మొదటిసారి ప్రయోగింపబడెను. కొలది మార్పులతో నేటికిని అదియే వాడుకలోనున్నది. గణితము ఎందులకు పనికివచ్చునని యడుగు బాలురు దీనిని గమనింతురుగాక.

విద్యార్థులారా! మన ఆత్మకూరు మైదానములందును వాన కురియును, వాదములును పుట్టును. ఆటకు ముందే రెండు జట్ల నాయకులును నిబంధనలను చెప్పుకొని ఒప్పుకొనవలెను. ఆట జరుగుచుండగా అంపైరు మాటకు లోబడవలెను. ఆట ముగిసిన పిమ్మట గెలిచినవారితో కరచాలనము చేసి, మఱునాడు కాగితమును కలమును తీసికొని నిబంధనను దిద్దుటకు పూనుకొనవలెను. తలిదండ్రులకును నా విన్నపమిదియే: బిడ్డ ఓడి యింటికి వచ్చినప్పుడు "నిన్ను మోసగించినది ఎవడు?" అని యడుగకుడు. "నిబంధన యేమి, నీ వెట్లాడితివి?" అని యడుగుడు.